నాన్నమ్మకు టెన్షన్లు ఉండేవి కావు

ఏప్రిల్ మొదటి వారంలో, బ్యాంకు ఏడాది లెక్కలు కట్టేసిన నాలుగో రోజున, మా డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి "150 బై 96" అన్నారు. మా బ్రాంచికి అప్పు కోసం వచ్చినవాళ్లకు వడ్డీ రేటు చెప్పేటప్పుడు నేనూ అచ్చం అలాగే చెబుతాను, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

ఒక మాత్ర రాశారు. "ఉప్పు తగ్గించండి. టెన్షన్లు తగ్గించండి" అన్నారు.

ఉప్పు సంగతి అర్థమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అని గీత గీసింది. మా ఆవిడ ఆ గీతను ఆ సాయంత్రమే అడుగంటిన పాత ఆవకాయ జాడీ చుట్టూ గీసేసింది కూడా. టెన్షన్ సంగతే తేలలేదు. "రోజుకు ఎన్ని గ్రాముల దాకా పడొచ్చండీ?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. గడియారం చూసుకున్నారు, ఫోను చూసుకున్నారు, మళ్లీ గడియారం చూసుకున్నారు. "అస్సలు పడకండి" అన్నారు.

అసలు చిక్కంతా ఆ పడడంలోనే ఉంది. తెలుగువాళ్లం ఏం చేసినా పడే చేస్తాం. కష్టపడతాం, భయపడతాం, సిగ్గుపడతాం, చివరికి ఒకరిని ఇష్టపడాలన్నా పడాల్సిందే. పొద్దున లేస్తే ఇన్నిటిలో పడి లేచే జాతిని పట్టుకుని ఇదొక్కటీ పడొద్దంటే ఎలా కుదురుతుంది?

సాయంత్రానికల్లా విషయం అందరికీ పాకింది. వాచ్‌మన్ "టెన్షన్ పడకండి సార్" అన్నాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీగారూ అదే అన్నారు, మెయింటెనెన్స్ ఎప్పుడిస్తారని అడగబోతూ. మా బావమరిది ఫోను చేసి, "టెన్షన్ పడితే గుండెకు చాలా ప్రమాదమంట బావగారూ, మా ఆఫీసులో ఒకాయన, అచ్చం మీ వయసే..." అని మొదలుపెట్టి, ఆ ఒకాయన్ని పన్నెండో రోజు దాకా తీసుకెళ్లి గానీ పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఒక స్నేహితుడు నన్ను పార్కులో నవ్వుల క్లబ్బుకు లాక్కెళ్లాడు. ఈ పద్ధతిని మదన్ కటారియా అనే డాక్టరు 1995లో ముంబైలో ఒక పార్కులో మొదలుపెట్టాడు. కారణం లేకుండా నవ్వడమే ఇందులో కిటుకు. రెండు రోజులు నవ్వాను. మూడో రోజు క్లబ్బు పెద్దాయన అందరి ముందూ "మీది పైపై నవ్వండీ, కడుపులోంచి రావట్లేదు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా చిన్నప్పుడు టెన్షన్ అనేది కరెంటు వాళ్ల ఆస్తి. ఊరి బయట పెద్ద పెద్ద స్తంభాలు, వాటికి ఎర్ర పలక, పలక మీద ఓ పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు. "హైటెన్షన్ లైన్రా, అటు పోకండి" అనేవారు. మేము పోలేదు. అదే స్తంభం దిగి మా ఇళ్లకు నడిచొచ్చింది. ఇవాళ మా అపార్ట్‌మెంట్‌లో రెండో తరగతి పిల్ల కూడా రంగు పెన్సిళ్ల డబ్బా కనపడకపోతే టెన్షన్‌గా ఉందంటుంది.

పత్రికలవాళ్లు దీనికి ఒత్తిడి అని పేరు పెట్టారు. మంచి మాటే. కానీ ఇంట్లో ఎవరైనా "నాకు ఒత్తిడిగా ఉంది" అంటే వార్తలు చదువుతున్నారేమో అనిపిస్తుంది. మా ఇంట్లో ఒత్తేవి రెండే రెండు, పూరీలూ కాళ్లూ. అయినా తెలుగువాడు ఒత్తును అంత తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఒత్తు లేకుండా అమ్మ అని రాయలేం, అన్నం అని రాయలేం. అప్పు అని కూడా రాయలేమనుకోండి.

మా నాన్నమ్మకు టెన్షన్ లేదు. కష్టాలు లేకపోవడం చేత కాదు. మాది దివిసీమ, అవనిగడ్డకు అవతల పల్లెటూరు. ఆరుగురు పిల్లలు, కోర్టు వాయిదాల చుట్టూ తిరిగే తాతయ్య, కాలవ నీళ్లు వస్తే పంట, రాకపోతే లేదు. ఆవిడకు ఉన్నవి వేరు. కంగారు, బెంగ, గుబులు, ఆదుర్దా, చిరాకు, విసుగు, హడావుడి, ఆరాటం, తత్తరపాటు, బెదురు, దిగులు. వీటిలో ఒకదాన్ని ఇంకోదాని పేరుతో పిలిస్తే, పెళ్లిలో ఇంటిపేరు తప్పు చెప్పినట్టు చూసేది.

కంగారు కాళ్లలో ఉంటుంది. అది పట్టినవాడు ఉన్నచోట ఉండడు. దానికి మందు చెంబుడు నీళ్లు, అవీ నిలబడి కాదు, కూర్చుని తాగాలి. బెంగ పొట్టలో ఉంటుంది. వేసవి సెలవులకు వెళ్లిన నేను మూడో రోజు కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే, "వీడికి వాళ్లమ్మ మీద బెంగ" అని తేల్చేసి, తనే కలిపి ముద్దలు పెట్టి, రాత్రి అమ్మ పాత చీర తీసి కప్పేది. చిరాకు అసలు రోగమే కాదు, ఎండ. మజ్జిగ తాగి ఓ కునుకు తీస్తే దిగిపోతుంది. బెదురు దూడలకూ చంటిపిల్లలకూ వచ్చేది. హడావుడి అంటారా, అది పండగ. దానికి మందు వెయ్యడమే పాపం.

ఎదురుచూపులది ఆదుర్దా. తాతయ్య బందరు కోర్టుకు వెళ్లి ఆఖరి బస్సుకూ దిగకపోతే నాన్నమ్మ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేది కాదు. అటక మీంచి చింతపండు బుట్ట దించమనేది. అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చుని గింజ తీసేది. మమ్మల్నీ కూర్చోబెట్టేది. వేళ్లన్నీ జిగటగా పట్టుకుపోయి, గింజ మీద తప్ప దేని మీదా ధ్యాస నిలిచేది కాదు. తాతయ్య ఎంత ఆలస్యమైతే ఇంట్లో అంత చింతపండు సిద్ధం. ఒక ఏడాది వాయిదాలు మరీ ఎక్కువ పడి, మేం చుట్టాలందరికీ గింజ తీసిన చింతపండు పంచిపెట్టాల్సి వచ్చింది. ఆ దావా మేం ఓడిపోయాంగానీ, చారుకు మాత్రం రెండేళ్లు లోటు లేదు.

ఆవిడేదో స్థితప్రజ్ఞురాలనుకునేరు. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన తగిలితే పెరట్లోంచి వంటింట్లోకి ఆవిడ పెట్టే పరుగు చూసి కోళ్లు చెల్లాచెదురయ్యేవి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన చూసి బతికి బయటపడ్డ మనిషి గిన్నెడు పాల కోసం అలా పరిగెత్తడమేంటని పెద్దయ్యాక నాకు ఆశ్చర్యం వేసేది. అంతటిది చూసినవాళ్లకు చిన్నవి లెక్కలోకి రావని మనమనుకుంటాం. వస్తాయి. పాలు పాలే.

ఆ రాత్రి గురించి మాత్రం ఎక్కువ చెప్పేది కాదు. కార్తీకంలో పొద్దుగూకే వేళ సముద్రం వైపు నుంచి గాలి మొదలైతే గడప మీద కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "గుబులుగా ఉందిరా" అనేది. నీళ్లు తేనా అంటే వద్దనేది. చింతపండు బుట్ట దించనా అంటే వద్దనేది. దానికి ఆవిడ దగ్గర మందు లేదు. గాలి తగ్గేదాకా పక్కన కూర్చోవడమే.

పదకొండు పేర్లున్న సంసారాన్ని ఒక్క పేరుకు కుదించిన ఘనతలో పెద్ద వాటా హాన్స్ సెల్యేది. వియన్నాలో పుట్టి మాంట్రియల్‌లో స్థిరపడిన డాక్టరు. 1936లో 'నేచర్' పత్రికకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఎలుకల్ని చలిలో పెట్టాడు, సొమ్మసిల్లేలా పరిగెత్తించాడు, గాయపరిచాడు, రకరకాల మందులు ఎక్కించాడు. ఏం చేసినా లోపల ఒకటే తంతు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, పొట్టలో పుళ్లు పడ్డాయి. బాధ ఏదైనా ఒంటి జవాబు ఒకటేనన్నాడు. తర్వాత దానికి ఇంజనీర్ల దగ్గర స్ట్రెస్ అనే మాట అరువు తెచ్చుకున్నాడు. ఇంజనీర్ల భాషలో కడ్డీ మీద పడే బలం స్ట్రెస్, దానికి కడ్డీ సాగడమో వంగడమో స్ట్రెయిన్. తను చెప్పదలచుకున్నది రెండోదని, అప్పట్లో తన ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి మొదటిది వాడేశానని పెద్దాయన తర్వాత ఒప్పుకున్నాడు. ఏం లాభం? ఎక్కడో మాంట్రియల్‌లో ఒకాయన ఇంగ్లీషు తడబడితే, విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ పదిహేను ఫ్లాట్లకూ స్ట్రెస్ వచ్చింది.

ఒంటి జవాబు ఒకటేనన్న మాటను ఆయన తర్వాతివాళ్లు కొంత సవరించారు గానీ, నా ఒంటి వరకూ అది నిజమే. లోపల ఉన్నది ఒకటే గంట, మా ఊరి బడి గంటలాగా. ప్రార్థనకూ అదే, మధ్యాహ్నం భోజనాలకూ అదే, ఊళ్లో గడ్డివాము తగలబడితే జనాన్ని పిలవడానికీ అదే. ఎందుకు మోగుతోందో తెలియనివాడికి ప్రతి గంటా గడ్డివామే.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. ఉద్యోగుల బాగోగులు చూసే ఉద్యోగం. పోయిన ఏడాదే పెళ్లి చేశాం. నా బీపీ సంగతి విని ఫోనుకు ఒక జాబితా పంపింది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు తయారుచేశారు. జీవితంలో జరిగే 43 సంఘటనలకు మార్కులు వేశారు. ఏడాదిలో మనకు జరిగినవి కూడుకోవాలి. 150 లోపైతే ఫరవాలేదు. 300 దాటితే జబ్బు చేసే అవకాశం ఎక్కువ. "నాన్నా, నువ్వూ అమ్మా ఇద్దరూ వేసుకోండి" అని కింద రాసింది.

ఆదివారం కాఫీలయ్యాక పెన్ను పట్టుకుని కూర్చున్నాం. జాబితా నెత్తి మీద మొదటి వరుస: జీవిత భాగస్వామి మరణం, 100.

"అశుభం. ముందది కొట్టేయండి" అంది మా ఆవిడ. కొట్టేశాను.

"రెండోది విడాకులు, 73."

"అది ఉండనివ్వండి" అంది.

పెళ్లికి 50. నిజానికి వాళ్లు పెళ్లికి ఇన్ని మార్కులని ముందే ఖాయం చేసేసి, మిగతా కష్టాలన్నిటినీ దాంతో పోల్చి చెప్పమని 394 మందిని అడిగారు. అంటే లోకంలోని బాధలన్నీ తూచడానికి పెట్టిన తూనికరాయి పెళ్లి. ఇది చదివి నేను కాస్త ఎక్కువసేపు నవ్వినట్టున్నాను. "మనకు 50 వేసుకోండి" అంది. గడిచిన ఏడాదిలో జరిగితేనే లెక్కన్నాను. "జరిగి ముప్ఫయ్యేళ్లయినా ఇంకా జరుగుతూనే ఉందిగా" అంది.

కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్లడం, 29. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా వేసుకున్నాం.

నిద్ర వేళలు మారడం 16. తిండి మారడం 15, ఇది ఆవకాయ జాడీ వైపు చూస్తూ వేసుకున్నాను. సెలవులకు ఊరెళ్లడం 13. ఊరెళ్తే టెన్షనేంటని ఆశ్చర్యపోబోయి, పోయిన దసరాకు పదకొండు మందిమి రెండు కార్లలో అరకు వెళ్లిన వైనం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. క్రిస్మస్‌కు 12. మనం సంక్రాంతి వేసుకుందామన్నాను. "కొత్తల్లుడితో మొదటి సంక్రాంతికి పన్నెండేనా? అరిసెల పాకానికే సరిపోవవి" అంది. చిన్నపాటి చట్ట ఉల్లంఘన 11. అది బెంజి సర్కిల్ దగ్గర హెల్మెట్ లేకుండా దొరికిపోయి కట్టిన చలానా. గొప్ప వ్యక్తిగత విజయం 28 అన్న వరుస దగ్గర పెన్ను ఆగింది. మా ఆవిడ తొంగి చూసి "దాటెయ్యండి" అంది.

మొత్తం 96. సరిగ్గా నా కింది బీపీ.

150 లోపే కాబట్టి, జాబితా ప్రకారం నాకు చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదు. సంతోషించాలి. చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్ల చాకిరీకి, ఇంత ఆపసోపాలకు కనీసం వందైనా రాలేదు.

మా ఆవిడకు వేరే అభ్యంతరం ఉంది. "ఇది రాసినవాళ్లు మగాళ్లు" అంది. ఎలా తెలుసన్నాను. "పనమ్మాయి చెప్పకుండా మానేయడం ఏదీ ఇందులో? జైలుకెళ్తే 63 వేశారు, దీనికి 64 వెయ్యాలి. జైల్లో వంటైనా ఎవరో ఒకరు చేసిపెడతారు. మధ్యాహ్నం ఒంటిగంటకు చుట్టాలొచ్చి 'ఏమొద్దమ్మా, ఉన్నదే పెట్టు' అనడం ఏదీ? నురగొచ్చాక నీళ్లు ఆగిపోవడం ఏదీ? మీరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా నాచేత వెతికించడం ఏదీ?"

నవ్వి ఊరుకున్నాను. తర్వాత కాస్త చదివితే తెలిసింది, 1981లో బర్క్లీలో రిచర్డ్ లాజరస్ బృందం తేల్చింది ఇంచుమించు ఇదే. పెద్ద పెద్ద సంఘటనలకంటే రోజూ నలిపే చిన్న చికాకులే మనిషి ఆరోగ్యం సంగతి బాగా చెబుతాయన్నారు. 117 చికాకుల పట్టిక వేశారు. వస్తువులు ఎక్కడో పెట్టి మర్చిపోవడం అందులో ఉంది, సరుకుల ధరలు ఉన్నాయి, ఒంటి బరువు ఉంది. ఇదంతా చదివి వినిపిస్తే, "దానికి అంతమంది ఎందుకూ, నన్నడిగితే పోయేదిగా" అంది. నేను ఉత్సాహపడి, మనిషీ కుక్కరూ ఒకటే, లోపల ఆవిరి బిగిస్తేనే పప్పు ఉడికేది అని ఒక ఉపమానం అందుకోబోయాను. "గాస్కెట్ సాగిపోయి నెలయింది, ముందది తెండి" అంది. ఉపమానం అక్కడ ఆగిపోయింది. గాస్కెట్ ఇంకా తేలేదు.

నాకు దారి చూపించింది ఈ డాక్టర్లెవరూ కాదు, తొమ్మిదో ఎక్కం. నేను 1992లో చేరినప్పుడు మా బ్రాంచిలో కంప్యూటర్లు లేవు, మనిషి ఎత్తలేని లెడ్జర్లు ఉండేవి. సాయంత్రానికి డెబిట్లూ క్రెడిట్లూ సరిపోవాలి. సరిపోకపోతే ఇంటికి వెళ్లేది లేదు. చేరిన నెలలోనే ఒక రాత్రి 450 రూపాయల తేడా వచ్చింది. కూడిందే కూడి, చెమట పట్టి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎనిమిదింటికి మా హెడ్ క్లర్కుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "తేడా వచ్చిందని ఏడవకు. ఏ జాతి తేడానో చూడు. తొమ్మిదితో తెగుతోందా?"

తెగింది. "అయితే అంకెలు తారుమారయ్యాయి. 720 అని రాయాల్సింది 270 అని రాసుంటావు, వెతుకు" అన్నారు. తొమ్మిదితో తెగకపోతే సగం చెయ్యమనేవారు. ఆ సగం అంకె ఎక్కడైనా కనపడితే, డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడిందన్నమాట. రెండూ కాకపోతే వోచరే ఎగిరిపోయింది, లే, ఫ్యాను కింద చూడు. ఆ రాత్రి 8.20కి నా 720 దొరికింది.

అలా ముప్ఫై మూడేళ్లు తేడాలకు జాతులు కట్టి బతికినవాణ్ని, సొంత ఒంట్లో తేడా వస్తే మాత్రం టెన్షన్ అని ఒకే పద్దు కింద గుండుగుత్తగా రాసేస్తున్నాను. బ్యాంకులో ఏ ఖాతాదో తేలని సొమ్మును సస్పెన్స్ ఖాతాలో పడేస్తాం. అందులో ఎక్కువ రోజులుంచితే ఆడిటర్ ఊరుకోడు. నా ఒళ్లు మొత్తం సస్పెన్స్ ఖాతా అయి కూర్చుంది.

పాతబడిన పే-ఇన్ స్లిప్పుల వెనక రాసుకోవడం మొదలుపెట్టాను. గంట మోగగానే ఏ జాతో రాయాలి. టెన్షన్ అని రాయకూడదు, అంతే నిబంధన.

మొదటి రోజు తేలిగ్గా పోయింది. పై ట్యాంకు నిండి నీళ్లు మెట్ల మీదికి దూకుతున్నాయి, మోటారు ఆపే నాథుడు లేడు. కంగారు. నాన్నమ్మ చెప్పినట్టే కాళ్లలోనే ఉంది. ఆపి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగాను, పోయింది. మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు కౌంటరు దగ్గర ఒక పెద్దాయన మీద గొంతు లేచింది. రాయబోయి, ఆగి, లోపలికి చూసుకుంటే అది ఏదీ కాదు, ఆకలి. బుధవారానిది రాయడానికి మూడు గంటలు పట్టింది. నాతో చేరినవాడికి పెద్ద ప్రమోషన్ వచ్చిందని గ్రూపులో సందేశం వచ్చింది. అభినందనలు పెట్టాను, పక్కన పూలగుత్తి బొమ్మ కూడా పెట్టాను. అప్పట్నుంచి ఛాతీలో ఏదో బరువు. ఆదుర్దా కాదు. దిగులు కొంచెం ఉన్నట్టుంది గానీ అదీ కాదు. పదకొండూ వరసగా సరిచూశాను, ఏదీ తెగలేదు. చివరికి నాన్నమ్మ వాడే పన్నెండో మాట గుర్తొచ్చింది. కుళ్లు. రాసి, చుట్టూ చూసి, చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. చిత్రంగా బరువు సగం దిగింది. మిగతా సగం ఇవాళ్టికీ ఉంది.

పేరు పెడితే సగం దిగుతుందన్నది నా ఒక్కడి అనుభవం కాదు. లాస్ ఏంజిలిస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి, కోపంతోనూ భయంతోనూ ఉన్న ముఖాలు చూపించి, ఆ భావం పేరేమిటో గుర్తించమంది. పేరు తట్టినప్పుడు మెదడులో ప్రమాద గంట కొట్టే ఎమిగ్డలా అనే ముద్ద నెమ్మదించింది.

మా బ్రాంచికి వరంగల్ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడొకడు ఉన్నాడు. నా చీటీలు చూసి, "గిండ్ల రంది లేదేంది సార్?" అన్నాడు. బెంగలాంటిదేగా అన్నాను. "గట్లనే ఉంటది గని సార్, బెంగ కడుపునిండ తింటె పోతది. రంది తినంగ గూడ ఉంటది" అన్నాడు. ఇంటి అప్పు మీద నాకున్నది ఏమిటో పన్నెండేళ్లుగా తేలలేదు, ఆ నిమిషంలో తేలింది. పదమూడోదిగా రాసుకున్నాను.

మే నెలలో అమ్మాయి దగ్గరికి వెళ్దామనుకున్నాం. మామూలు టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఏసీ తత్కాల్ ముందు రోజు పొద్దున సరిగ్గా 10 గంటలకు తెరుచుకుంటుంది. 9.50కి మా హాలు శ్రీహరికోట అయింది. ఓటీపీ వచ్చే ఫోను మా ఆవిడ చేతిలో, పేర్లూ వయసులూ రాసిన కాగితం నా మోకాలి మీద, ఫ్యాను ఆపేశాం, ఎందుకు ఆపామో ఇప్పటికీ తెలియదు. 9.58కి నా గంట మొదలైంది. గుండె మెడలో కొట్టుకుంటోంది. అలవాటు కొద్దీ జేబులోంచి చీటీ తీశాను.

"ఇప్పుడు రాస్తారా! ముందు ఆ అక్షరాలు కొట్టండి!" అని అరిచింది.

వంకరటింకర అక్షరాలు కొట్టాను. పెద్ద ఆర్ కొట్టాల్సిన చోట చిన్న ఆర్ కొట్టాను. మళ్లీ కొట్టేసరికి గడియారం 10 గంటల 3 నిమిషాలు, వెయిటింగ్ లిస్టు 31. తప్పు నాది కాబట్టి ఎవర్నీ ఏమీ అనడానికి లేక, ఇద్దరం ఫ్యాను వేసుకుని కూర్చున్నాం. గుండె మాత్రం ఇంకా తగ్గలేదు. కంగారా అంటే కాళ్లు కదలట్లేదు. "ఆరాటమండీ, దాన్ని చూడాలని" అంది మా ఆవిడ, నన్ను చూడకుండా.

ఫోను చేసి చెబితే అమ్మాయి నవ్వి ఇంకో సంగతి చెప్పింది. హార్వర్డ్‌లో ఎలిసన్ ఉడ్ బ్రూక్స్ అనే ఆవిడ పరిశోధన, 2014లో అచ్చయింది. అందరి ముందూ పాట పాడబోతూ దడదడలాడుతున్నవాళ్లలో కొందరిని "నాకు గాబరాగా ఉంది" అనమని, కొందరిని "నాకు హుషారుగా ఉంది" అనమని చూసిందట. గుండె అందరికీ ఒకేలా కొట్టుకుంది. హుషారన్నవాళ్లు బాగా పాడారు. "నువ్వు కూడా హుషారుగా ఉందనుకుని బస్సుకు రా నాన్నా" అంది. హుషారనుకుంటూనే ఎక్కాం. రాత్రంతా నా ముందు సీటువాడు వెనక్కి వాలి నా మోకాళ్ల మీద పడుకున్నాడు. దాని పేరు విసుగు. అందులో నాకే అనుమానమూ లేదు.

తిరిగొచ్చాక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. పట్టీ చుట్టారు, గాలి కొట్టారు. "138 బై 88. మాత్ర పనిచేస్తోంది. ఉప్పు కూడా తగ్గించినట్టున్నారు" అన్నారు. పదమూడు పేర్లకు ఏమైనా వాటా ఉందేమో అందామనుకుని, బయట జనం గుర్తొచ్చి ఊరుకున్నాను.

"టెన్షన్లు?"

"టెన్షన్ లేదండి. ఈ నెలలో కంగారు నాలుగుసార్లు, బెంగ ఒకటి, ఆరాటం ఒకటి, రంది రోజూ ఉంది. కుళ్లు ఒకటి ఇంకా తేలలేదు" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. ఫోను చూసుకున్నారు, గడియారం చూసుకున్నారు. మళ్లీ ఫోను తీసి బోర్లించి పెట్టారు. గొంతు తగ్గించి, "మా వాడు నీట్ రాసొచ్చాడండీ. ఫలితాలు జూన్‌లో గానీ రావు. ఇంట్లో ఒకరితో ఒకరం మాట్లాడుకోవట్లేదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాను. దీన్నేమంటారు?" అన్నారు.

"ఎదురుచూపు కాబట్టి ఆదుర్దా అండి."

"మందుందా?"

"గింజ తియ్యని చింతపండు, రెండు కిలోలు. ముగ్గురూ ఒకే చోట కూర్చుని తియ్యాలి."

కాసేపు నన్నే చూశారు. తర్వాత చీటీల పుస్తకం తన వైపు తిప్పుకుని, తారీఖు వేసి, తలెత్తారు.

"ఉప్పు కలిపి నిలవ చేసిందా, కలపందా?"